పాల రంగు మార్చిందెవరు?

రోజూ పొద్దున్నే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనబడే రంగులకు పేర్లు పెట్టుకుంటూ పోవడం మాస్టారికి అలవాటు. పుస్తకాల్లో ఉండే పేర్లు కావు. మూలమీద మందులషాపు బోర్డు ఆయన లెక్కలో ‘ఎండకు వెలిసిన గొడుగు’. బడి ప్రహరీ గోడ ‘పండీ పండని జామ’. అడ్డంగా దూసుకొచ్చే లారీ ‘కోపమొచ్చిన ఎరుపు’. పెదాలు కదుపుతూ తనలో తాను చెప్పుకుంటుంటే చూసినవాళ్ళు జపం చేసుకుంటున్నాడనుకునేవారు. ఒకసారి పక్కసీటు ముసలమ్మ, “మంచి అలవాటు నాయనా, పొద్దున్నే దేవుణ్ణి తలుచుకుంటున్నావు” అంది. ఆవిణ్ణి చిన్నబుచ్చడం ఇష్టంలేక, “అంతేనమ్మా, ఆయన చేసినవే ఇవన్నీ” అన్నారు. అందులో అబద్ధమూ లేదు.

మాస్టారని పేరేగానీ బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. కుర్రతనంలో నిచ్చెన మీద నిలబడి దుకాణాలకు బోర్డులు రాసేవారు. గీత గీస్తే తాడు లాగినట్టుండేది. అప్పుడు పడ్డ పేరది. కుంచె పనికి గిరాకీ తగ్గాక, నడివయసులో కంప్యూటరు ముందు కూర్చుని కొత్తగా ఓనమాలు దిద్దుకున్నారు. ఇప్పుడు ఒక చిన్న ఆఫీసులో గ్రాఫిక్ డిజైనరు. కింద దర్జీ దుకాణం, పైన వీళ్ళు. మేడం ఒకరు, లెక్కలూ ఫోన్లూ చూసే ఆయనొకరు, మాస్టారు, కొత్తమ్మాయి. ఆ పిల్ల చేరి చాన్నాళ్ళయినా ఆ తర్వాత ఇంకెవరూ చేరలేదు కనుక ఇంకా కొత్తమ్మాయే.

బయటివాళ్ళకు ఆ పని బొమ్మలేసుకోవడంలా కనిపిస్తుంది గానీ తిప్పలు అందులోనూ ఉన్నాయి. ఒక కంపెనీకి గుర్తు గీయాలి. ఆ గుర్తు గోడ మీద మనిషెత్తు వేసినా అందంగా ఉండాలి, ఫోన్లో గోరంత గుండ్రంలో పెట్టినా పోల్చుకునేలా ఉండాలి. దాన్నే చదరంగా కత్తిరించి రోజూ సోషల్ మీడియాలో పోస్టు చేయాలి, నిలువుగా సాగదీసి స్టోరీ పెట్టాలి, వెబ్‌సైటు నెత్తిన అడ్డంగా పరచాలి. ఎక్కడ పెట్టినా ఒకే తల్లి పిల్లల్లా కనిపించాలి. అందుకని ప్రతి రంగుకూ కంప్యూటర్లో ఒక నంబరుంటుంది. అందరూ ఆ నంబరు కొట్టి రంగు తెచ్చుకుంటారు. మాస్టారొక్కరే కంటితో చూసి కలుపుకుంటారు. కొత్తమ్మాయి చేరిన వారంలోనే ఆమె నంబరు కొడుతుంటే వెనకనుంచి చూసి, “ఏం తల్లీ, కళ్ళు అద్దెకిచ్చావా?” అన్నారు. ఆఫీసంతా నవ్వింది. ఆ పిల్లా నవ్వింది.

అలాంటి మనిషి చేతికి డెయిరీ పని వచ్చింది. ఊరి బయట పాడి పెట్టుకుని, సొంత వ్యాన్లలో ఇంటింటికీ గాజుసీసాల్లో పాలు వేయించే ఒక పెద్దావిడ తన కంపెనీ ముఖమంతా కొత్తగా మార్చాలనుకుంది. గుర్తు, సీసా లేబులు, వ్యాను మీద బొమ్మ, రోజువారీ పోస్టులు, అన్నీ. ఆవిడ వచ్చి ఒకటే మాట చెప్పింది: “మా పాలు ఎలా ఉంటాయో అలాగే కనబడాలి బాబూ. అంతకంటే ఏమీ వద్దు.”

ఆవిడ వెళ్ళాక మేడం తలుపు దగ్గరగా వేసి, “మాస్టారూ, ఇది మనకి చాలా పెద్దపని. ఇందులో తేడా వస్తే ఆవిడ ఇంకో చోటికి పోతుంది. మీ కన్ను మీద నమ్మకంతో ఒప్పుకున్నాను” అంది.

ఆ మాటకు మాస్టారి ఛాతీ ఉబ్బింది. అదే మాట తర్వాత నిద్ర లేకుండా చేసింది. ఆ కన్నే కదా ఆయన కూడబెట్టుకున్నదల్లా. అది పోతే ఆ ఆఫీసులో ఆయన కుర్చీకి అర్థమేముంది?

గుర్తు చక్కగా కుదిరింది. పాలచుక్క ఒకటి, దాని అంచు ఆకులా వంపు తిరిగి ఉంటుంది. వెనక పరచడానికి మీగడ రంగు కలిపారు, అప్పుడే పితికిన పాలమీద తేలే తెలుపు. మొదటి పోస్టు తయారుచేసి, డెయిరీ పేజీలో పెట్టమని కొత్తమ్మాయికిచ్చి ఇంటికెళ్ళారు. ఆ పెట్టే పని ఆమెది.

మర్నాడు బస్సులో ఫోను తీసి చూస్తే ప్రాణం ఉసూరుమంది. పోస్టు ఉంది. చుక్క ఉంది. అక్షరాలు తనవే. రంగు మాత్రం తనది కాదు. పసుపు. పాతబడిన పాలలాగా, మూడురోజులు మూత పెట్టి మర్చిపోయిన గిన్నెలోంచి తీసినట్టు.

ఆఫీసుకు పోయీపోగానే అడిగారు. “అమ్మాయ్, నిన్నటి పోస్టు రంగు మారిందేం?”

ఆ పిల్ల తలెత్తలేదు. “ఫోన్లలో కొంచెం తేడా కనిపిస్తుంది కదా మాస్టారూ.”

“నా ఫోను నిన్నటిదాకా బాగానే ఉందే!”

“బ్రైట్‌నెస్ తగ్గించి పెట్టుకున్నారేమో” అని, గబగబా నీళ్ళసీసా పట్టుకుని లేచిపోయింది. సీసాలో నీళ్ళు నిండుగా ఉన్నాయి.

అనుమానం ఎలా వస్తుందో మనకందరికీ తెలుసు. ముందు గుమ్మంలో నిలబడుతుంది. తర్వాత కుర్చీ లాక్కుంటుంది. ఆ తర్వాత ఇల్లు తనదే అంటుంది. మాస్టారు చెడ్డమనిషి కాదు. దారిలో కుక్క పడుకుంటే చుట్టూ తిరిగి నడిచే మనిషి. కానీ ఆ రోజు మొదలు ఆయనకు ప్రతిదీ గుచ్చుకోసాగింది.

తాను వెనకగా వెళితే కొత్తమ్మాయి కంప్యూటరు తెర మీద తెరిచిన ఫైలు చప్పున మూసేస్తోంది. మేడం గదిలోకి వెళ్ళి మెల్లగా ఏదో మాట్లాడుతోంది, తను కనబడగానే మాట ఆపేస్తోంది. ఒకరోజు మేడం తనంతట తాను వచ్చి, “మాస్టారూ, మీ స్క్రీను పాతబడినట్టుంది. కొత్తది తెప్పిస్తాను” అంది. ఎన్నడూ లేని ప్రేమ! కొత్తది వచ్చి బల్లెక్కింది కూడా. అయినా పోస్టులు పెట్టినప్పుడల్లా రంగు మారుతూనే ఉంది. లెక్కలాయన రోజూ తన టీతోపాటు మాస్టారికీ ఒక కప్పు తెచ్చిపెట్టేవాడు. పాపం, ఇప్పుడా కప్పు చూసినా, ‘వీడికీ తెలిసే ఉంటుంది’ అనిపించేది. టీ చల్లారిపోయేది.

ఇంట్లో భార్యతో అన్నారు. ఆవిడ కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది.

“ఆ పిల్ల నా పనికి మసి పూస్తోందే. నా రంగులు చెడగొట్టి, ముసలాడికి చాతకావడం లేదని మేడంతో అనిపించాలని.”

“ఆ పిల్లేనా? పోయినసారి మీకు జ్వరమొస్తే రోజూ ఫోను చేసింది?”

“అదే. ఎప్పుడు పోతానా అని కనుక్కుంది.”

“సరే, పోకుండా లేచారుగా, పాపం నిరాశపడి ఉంటుంది” అని ఆవిడ దారం కొరికింది. “మీకు అనుమానం పట్టుకుందంటే అన్నంలో రాయి కూడా ఎవరో లెక్కపెట్టి వేశారంటారు.”

ఆయనకు నవ్వు రాలేదు.

ఒకనాడు మధ్యాహ్నం కొత్తమ్మాయి బయటకు వెళ్ళినప్పుడు ఆమె కంప్యూటర్లో డెయిరీ ఫైలు తెరిచి చూశారు. ఆ ఫైళ్ళు పొరలు పొరలుగా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పలచటి కాగితాలు పరిచినట్టు. పైపొర ఆ పసుపు. దాని కింద, కనబడకుండా మూసిపెట్టి, ఆయన కలిపిన మీగడ తెలుపు భద్రంగా ఉంది. ఒక్క ఫైల్లో కాదు, తెరిచిన ప్రతి ఫైల్లోనూ. చెరిపేయలేదు, దాచింది.

దొంగ సొత్తు దాచుకుంటాడు గానీ ఎదుటివాడి సొత్తును వాడింట్లోనే ఎందుకు దాస్తాడు? కాసేపు ఆలోచిస్తే ఆయనకు తోచింది ఒకటే. రేపు మేడం ముందు ఇది తీసి, ‘చూడండి, ఈయన చేసింది ఇదీ, నేను దిద్దింది ఇదీ’ అని చూపించడానికి. సాక్ష్యం పోగుచేస్తోందన్నమాట!

ఇక ఊరుకోకూడదనుకున్నారు. సీసా లేబుళ్ళు అచ్చుకు వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. పోస్టు తప్పయితే మర్నాడు తీసేయొచ్చు, లేబులు అచ్చయి సీసాకు అంటుకుందంటే అయిపోయినట్టే. మాస్టారు తన మీగడ రంగుతో లేబులు ఫైలు కొత్తగా తయారుచేసి, ఎవరికీ చెప్పకుండా పెన్‌డ్రైవులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని ప్రెస్సుకు బయల్దేరారు.

ప్రెస్సాయనా మాస్టారూ ఒకప్పుడు ఒకే నిచ్చెన మీద బోర్డులు రాసినవాళ్ళు. చుట్టరికం లేకపోయినా ‘బావా’ అంటే ‘బావా’ అనుకుంటారు.

“బావా, ఆఫీసు నుంచి మెయిల్లో ఏదొచ్చినా తియ్యకు. ఇదే అసలుది.”

“ఏం, ఆఫీసుకీ నీకూ పొత్తు చెడిందా?”

“నీకెందుకు? ప్రూఫు తియ్యి.”

మచ్చుకు తీసిన ప్రూఫు వచ్చింది. ప్రెస్సాయన దాన్ని వాకిట్లో వెలుగులోకి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. తల గోక్కున్నాడు. “ఏం బావా, పాలల్లో చెంబెడు నీళ్ళు పోశావా?”

“ఏమిటి నీ వెటకారం?”

“వెటకారం కాదు. నీలంగా ఉంది. ఇది అంటించిన సీసాలో పాలు నిజంగా చిక్కగా ఉన్నా నీళ్ళపాలనుకుంటారు.”

“నీ కళ్ళజోడు తుడుచుకో ముందు. అద్దాలకి సిరా అంటినట్టుంది.”

ప్రెస్సాయన కళ్ళజోడు తీసి, చొక్కాకు తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చూశాడు. మాస్టారి ముఖంకేసి కాసేపు చూసి, “సరేగానీ, మిషను రోలరు పాడైంది. రేపు మధ్యాహ్నం దాకా ఏమీ నడవదు. ఈ ప్రూఫు ఇంటికి పట్టుకెళ్ళి, నింపాదిగా ఇంకోసారి చూసుకో” అన్నాడు.

మాస్టారు గేటు దాటుతుంటే వెనక లోపలి గదిలో మిషను ధడధడమంటూ నడుస్తోంది. ఆగి విన్నారు. పాడైన మిషను చప్పుడు చేస్తుందా? తిరిగి చూస్తే ప్రెస్సాయన చెవి దగ్గర ఫోనుంది. తనను చూసి అటు తిరిగాడు.

‘వీడు కూడానా!’ అనుకున్నారు. ఒకే నిచ్చెన మీద నిలబడ్డవాడు. ఒకే పొట్లం విప్పుకుని తిన్నవాడు. బస్సులో కిటికీ పక్కన చోటున్నా కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని ఇల్లు చేరేదాకా నిలబడే వచ్చారు.

ఇంటికి రాగానే ప్రూఫునూ, ఫోనులోని పోస్టునూ పక్కపక్కన పెట్టి భార్యను పిలిచారు. “నువ్వు చెప్పు. ఏది పాలరంగు?”

ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టి, వంగి చూసి, ఫోను మీద వేలు పెట్టింది.

“నీకు కూడా ఆ పిల్ల ఫోను చేసిందా?”

ఆవిడకు ఒళ్ళు మండింది. “ఔను, చేసింది. మీ ఆయన ఇలా అడుగుతాడు, ఇలా చెప్పమ్మా అంది. వంటింట్లో పిల్లిక్కూడా చెప్పింది, అడగండి పోయి!” అని లేవబోయి, ఆయన కన్ను నులుముకోవడం చూసి ఆగింది. “ఏమైంది?”

“ఏదో పడింది. వెంట్రుకనుకుంటా.”

“నలపకండి, ఇటు తిరగండి” అని ఆవిడ రుమాలు మడిచి, నోటి ఊపిరితో వెచ్చచేసి ఆయన కుడికంటి మీద అద్దింది. కోపం కోపమే, చెయ్యి మాత్రం మెత్తగానే ఉంది. “అలాగే పట్టుకుని కూర్చోండి కాసేపు.”

కుడికన్ను రుమాలు కింద మూసి కూర్చున్న మాస్టారు, చేసేదేమీలేక ఎడమకంటితో బల్లమీదున్న ప్రూఫు చూశారు.

లేబులు నీలంగా ఉంది.

చటుక్కున రుమాలు తీశారు. మీగడ వచ్చింది. కుడికన్ను మళ్ళీ మూశారు. నీలం. ఈసారి ఎడమకన్ను మూశారు. మీగడే, కానీ పొగపట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టు. ఫోనులోని పోస్టు చూశారు. ఎడమకంటికి అది పసుపు కాదు. అప్పుడే పితికిన పాలు. కుడికంటికి అదే పోస్టు మూడురోజుల గిన్నె.

మూస్తూ తెరుస్తూ, మూస్తూ తెరుస్తూ, ఆయన అలా ఎంతసేపు కూర్చున్నారో! ఆ కొత్తమ్మాయిని ఇన్నాళ్ళు కళ్ళతో కాల్చుకు తిన్నాను, కాల్చిన ఈ కళ్ళేనా దొంగలు అనుకున్నారు. భార్య భయపడి, “ఏమండీ, నొప్పా?” అంది.

“కాదు. నీలంగా ఉంది” అన్నారు ఆయన. “అది నీలంగానే ఉంది.”

ఆవిడకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నెమ్మదిగా, “పోయిన నెల తెల్లదారం తెమ్మంటే లేత నీలం తెచ్చారు. ఏదో పరధ్యానంలో ఉన్నారు కదాని ఊరుకున్నాను. నేనే వెళ్ళి మార్చుకొచ్చాను” అంది.

“చెప్పలేదేం?”

“ఒక దారపుండకి మీ మనసు కష్టపెట్టడమెందుకని.”

మాస్టారు ప్రెస్సుకు ఫోను చేశారు. “బావా, ఆ లేబుళ్ళు ఆపు. నాదే తప్పు.”

“ఇంకా మొదలుపెట్టలేదులే.”

“మిషను...”

“మిషను రాయిలా ఉంది. నువ్వు చూస్తే మొండిగా ఉన్నావు. వద్దంటే వినవు, వేస్తే నీ పేరు పోతుంది. ఏదో నోటికొచ్చింది చెప్పాను. పాపం తగిలితే సగం నీకు, సగం నాకు.”

“మరి ఫోను ఎవరికి?”

“మా ఆవిడకి. భోజనానికి రావడం ఆలస్యమవుతుందంటే తిడుతోంది. నువ్వు వింటే పరువు పోతుందని అటు తిరిగాను.”

మాస్టారు నవ్వబోయారు. అది నవ్వులా రాలేదు.

మర్నాడు పొద్దున్నే భార్య ఆయన్ను కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. డాక్టరమ్మ దీపం వేసి చూసి, కుడికంట్లో శుక్లం పొర బాగా పెరిగిందనీ, ఎడమకంట్లో ఇప్పుడిప్పుడే మొదలవుతోందనీ చెప్పింది. “లేత పసుపు గాజులోంచి లోకాన్ని చూస్తున్నారు మీరు. కొద్దికొద్దిగా పెరిగింది కనుక మీకు తెలియలేదు. తెల్లగా కనబడాలని మీరే నీలం కలుపుకుంటూ పోయారు. చిన్న ఆపరేషను, కంగారుపడకండి” అంది. అందరికీ ఇదే చెబుతుందో ఏమోగానీ, చెబుతున్నంతసేపూ ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి తీయలేదు.

ఆఫీసు చేరేసరికి మధ్యాహ్నం దగ్గరపడింది. డెయిరీ పెద్దావిడ లేబులు చూడడానికి వచ్చే రోజు అది. మేడం ఇంకా రాలేదు. కొత్తమ్మాయి ఒక్కతే ఉంది. మాస్టారిని చూడగానే ఎప్పటిలాగే తెర మీది ఫైలు మూసేసింది.

ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. “మూయకమ్మా. తెరువు. అడుగున నా రంగు దాచిపెట్టావు. ఎందుకు?”

ఆ పిల్ల చేతిలోని మౌసు వదిలేసింది. “చూశారా?”

“చూశాను. మేడంకి చూపించి నన్ను సాగనంపడానికనుకున్నాను.”

“అయ్యో మాస్టారూ!” ఆ అరుపుకు కింద దర్జీ మిషను కూడా ఒక క్షణం ఆగినట్టనిపించింది. “చెరపడానికి చెయ్యి రాలేదండీ. మీ రంగు కదా. ఏమో, మీదే కరెక్టేమో, నాకే సరిగ్గా కనబడ్డంలేదేమో అని. మీరొచ్చి ‘నాదే పెట్టు’ అంటే వెంటనే తీసి పెట్టేద్దామని ఉంచాను. ముందు నా కళ్ళే చూపించుకున్నాను తెలుసా? డాక్టరు నవ్వి పంపేశాడు. తర్వాత మీ స్క్రీను పాడైందేమో అనుకుని మేడం వెంటపడి కొత్తది తెప్పించాను. అదీ కాదని తేలింది. ఇంక ఏం చెయ్యాలో తెలియలేదు.”

“మేడంకి చెప్పావా?”

“స్క్రీను సంగతి ఒక్కటే చెప్పాను.”

“నాతో చెప్పొచ్చు కదమ్మా.”

ఆమె బల్ల అంచు గోరుతో గీకింది. “‘కళ్ళు అద్దెకిచ్చావా’ అన్నారు కదా అప్పుడు. నాకు కోపం రాలేదు, నిజంగా నవ్వే వచ్చింది. కానీ ఇది చెప్పాలనుకున్నప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చేది. కంటి మీద అంత నమ్మకం ఉన్న మనిషికి కన్ను తప్పని ఎలా చెప్పను?”

మాస్టారు తలవంచుకున్నారు. పక్కన కూర్చున్న ఈ చిన్నపిల్ల రోజూ ఆయన తప్పును ఆయన పేరుమీదే దిద్ది, ఆ తప్పును కూడా చెత్తలో పారేయకుండా భద్రంగా మడిచి పెట్టింది. ఇలాంటివాళ్ళను మన చుట్టూ పెట్టి, దేవుడు ఏమీ ఎరగనట్టు ఊరుకుంటాడు. ఆయన డాక్టరమ్మ చెప్పిందంతా ఆమెతో చెప్పారు. ఆపరేషనయి, కట్టు విప్పి, కన్ను కుదుటపడేదాకా రంగు జోలికి వెళ్ళనన్నారు. మేడంతో కూడా ఇవాళే చెప్పేస్తానన్నారు.

“నేను చెప్పనులెండి మాస్టారూ, మీరూ చెప్పకండి. అప్పటిదాకా ఇలాగే సర్దేస్తాను. ఎవరికీ తెలియదు.”

“వద్దమ్మా. ఎవరికీ తెలియకపోతే నాకు మళ్ళీ అందరిమీదా అనుమానమే వస్తుంది.”

మెట్ల మీద మేడం మాట వినిపించింది, ఆమెతోపాటు డెయిరీ పెద్దావిడ గొంతూ. కొత్తమ్మాయి తన రంగు ఉన్న లేబులు తెర మీదకు తెచ్చి, మాస్టారికి కుర్చీ వదలడానికి లేవబోయింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు.

“ఒక్క సాయం చెయ్యి తల్లీ. గీత నాది, దాని సంగతి నేను చెబుతాను. రంగు నీది. నీదని చెప్పి, నువ్వే మాట్లాడు. మధ్యలో అలవాటుకొద్దీ నేను ‘ఇది ఇంకొంచెం తెల్లబడాలి’ అన్నాననుకో, ఆవిడ ముందే, మేడం ముందే, ‘కాదు మాస్టారూ’ అను. మొహమాటపడకు. నాకు వినబడేలా, గట్టిగా అను.”